రెండక్షరాల జాగా

పలకే గానీ, తుడిచి రాసుకునే పలక కాదిది.
ఒక్క గీత జారిందంటే రాయి మొత్తం పోతుంది,
నాలుగు వందల పౌండ్లతో సహా.

పిటెన్‌వీమ్ రేవులో ఒకప్పుడు వలలల్లిన కొట్టు.
దాని గోడకి బిగిస్తారట.
కమిటీ పంపిన కాగితంలో
ఒక్క మాట కింద ఎర్ర గీత:
హిస్టారిక్? హిస్టారికల్?

"మొదటిదే వెయ్యి, టూరిస్టు బస్సులాగుతాయి"
అన్నాడు కౌన్సిలర్ గీకీ.
నిఘంటువు చంకన పెట్టుకొచ్చింది
బడి పంతులమ్మ ఊనా పెట్టిగ్రూ:
"మొదటిది చరిత్రని తిప్పినదానికి,
రెండోది చరిత్రలో కలిసినదానికి.
ఇక్కడేం తిరిగిందయ్యా, కండె తప్ప?"

అక్షరానికి ఆరు పౌండ్లు నా కూలి.
రెండోదైతే నాకు పన్నెండు ఎక్కువ.
ఆ సంగతి నేనెత్తలేదు.

ఇలాంటి చోట ఇదివరకూ ఆగాను.
పోయినేడు ఒక సమాధి రాతికి
'చైల్డిష్' అని రాసి పంపారు.
'చైల్డ్‌లైక్' కాబోలనుకుని ఫోన్ చేశాను.
పసితనమా, పిల్లచేష్టలా, ఏది చెక్కమంటారని.
అవతల ఆవిడ చాలాసేపు నవ్వింది.
నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకు తెలీలేదు.
"రెండూ ఆయనే" అంది.

రాత్రి దీపం కింద రెండు మాటలూ పలికి చూశాను.
మొదటిది గొంతులోనే తలుపేసుకుంటుంది.
రెండోదానికి నాలుక పైకంటా లేచి
కాసేపక్కడే ఉండిపోతుంది,
దిగడానికి మనసొప్పనట్టు.

మర్నాడు ఐసా లౌరీ వచ్చింది.
తొంభై ఒకటి. నడక బండి, తడిసిన స్కార్ఫు.
పద్నాలుగో ఏట ఆ కొట్టులో చేరిందట.
"మాకు ఏ మాట వేస్తున్నావు?"
తేడా చెప్పాను, పంతులమ్మ చెప్పినట్టే.
వినలేదో, విని ఊరుకుందో.
తారు దారం లాగి లాగి
కొక్కేల్లా వంగిన వేళ్లు బల్లమీద పరిచింది.
"తిప్పాయో, కలిశాయో
నువ్వే చూసి చెప్పు" అంది.

ఏం చెప్పను.
ఎనిమిదక్షరాలు రెండు మాటలకీ ఉమ్మడి సొత్తు.
అవి చెక్కాను.
చివరి సి దగ్గర ఉలి ఆపి,
రెండక్షరాలు పట్టేంత జాగా వదిలి
పక్క మాటలోకి వెళ్లిపోయాను.

ముసుగు తీసిన రోజు వాన.
గీకీకి తన మాటే కనబడింది, చప్పట్లు కొట్టాడు.
ఊనా ఖాళీని చూసింది, తర్వాత నన్ను చూసింది.
"కొలత తప్పింది" అన్నాను.

అందరూ టీకి వెళ్లాక
ఐసా బండి వదిలి, గోడ పట్టుకుని నిలబడి,
రెండు వేళ్లు ఆ జాగాలో ఆనించింది.
సరిగ్గా పట్టాయి.

"చల్లగా ఉంది" అంది.