సముద్రం ఏ పక్కన

ఆ సోమవారం పొద్దున ఆరింటికి
సమోవా దీవి మొత్తం
రోడ్డుకి అటుపక్క నుంచి ఇటుపక్కకి జరిగింది.
రేడియోలో ఓ గొంతు "ఇప్పుడు" అంది.
అంతే.
చట్టానికి ఒక్క మాట చాలు.
మా నాన్న పెసమీనో చేతులకి చాల్లేదు.

ఇరవై ఆరేళ్ళు కొయ్యబస్సు తోలిన చేతులవి.
కుడి అన్న మాట వాటికి తెలీదు,
కుడిపక్క పోవడం తెలుసు.

నేను ఆస్పత్రిలో నర్సుని.
నుదుటి ఎముక వెనకున్న మెత్తటి ముద్ద
పద్ధతుల్ని రాసుకుంటుందని చదివాను.
దానికింద, లోతున, ఇంకోటి ఉందనీ
అది రాసుకోదనీ, అరిగి అరిగి గాడి పడుతుందనీ కూడా.
ఆ రెండింటికీ ఆ పొద్దున మా బస్సులో పడలేదు.

నాన్న ఒక కిటుకు కనిపెట్టాడు.
మా దగ్గర కుడీ ఎడమా అని ఎవరంటారు?
అయితే సముద్రం వైపు, లేకపోతే కొండ వైపు.
"కొండ వైపు, కొండ వైపు" అని గొణుక్కుంటూ
అపియా నుంచి ములిఫనువా రేవు దాకా
గీత దాటకుండా తోలాడు.
కొబ్బరి బస్తాల మీద కూచున్న ముసలమ్మలు చప్పట్లు కొట్టారు.
వచ్చేసిందనుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడూ కొండ వైపే.

తారో దుంపల లారీ ఎదురొచ్చింది.
ముక్కూ ముక్కూ ఆనేంత దగ్గర ఆగాయి రెండూ.
లారీలోంచి మకెరీతా దిగి
మా తాతముత్తాతల్ని వరసపెట్టి పలకరించింది.
ఎవరికీ ఏం కాలేదు.
ఒక దుంప దొర్లి కాలవలో పడింది.

నాన్న ఆ తిట్లు వినడం లేదు.
సముద్రం కేసి చూశాడు, కొండ కేసి చూశాడు,
తర్వాత తన ఎడమ భుజం కేసి.
సముద్రం ఎక్కడికీ పోలేదు. తిరిగింది మేము.
పొద్దుట్నించీ ఆయన పట్టుకున్నది
పద్ధతిని కాదు, దాని నీడని.

"అంచు" అన్నాడు, తనలో తనే.
స్టీరింగు ఎడమనుంది కదా,
వెళ్ళినా వచ్చినా
రోడ్డంచు నా భుజాన్ని రాసుకోవాలి:
సున్నం కొట్టిన రాళ్ళు, మందారాలు, నిద్రపోయే కుక్కలు.
ఎదురొచ్చేవాడు అవతలి చెంపకి.

ఆ సాయంత్రం
జన్మలో చూడని అడ్డరోడ్డు మలుపు కూడా
తడుముకోకుండా తిరిగాడు.

పాత గాడి పూడిపోయిందా అంటే, ఏమో.
మొన్న వానలో పంది అడ్డొస్తే
బస్సు కుడికే దూకింది.
నాన్న రెండు నిమిషాలు ఇంజన్ ఆపుకుని కూచున్నాడు.

బస్సు తలుపు రోడ్డు మధ్యకి తెరుచుకుంటోందని
ఇటుపక్క కొత్తది కోయించి
పాతదానికి అడ్డంగా పలకలు కొట్టించాం.
వాటి సందుల్లోంచి గాలి వస్తూనే ఉంటుంది.
దిగేచోటు రాగానే
ఇప్పటికీ ఎవరో ఒకరు లేచి
ఆ పలకల్ని తోస్తారు.