నక్కతోక, దురియన్

జహ్రాలో మా వంటింటికి కిటికీ లేదు.
ఏసీ నీళ్లు కారే బకెట్టు, దాని పక్కన వార్తినీ,
ఎదురుగా నేను,
ఇద్దరి మధ్యా ఇఫ్తారుకు నూట ఇరవై సంబూసాలు.

మాది రాయచోటి దగ్గర. ఆమెది జావాలో ఇంద్రమాయు.
మాట్లాడుకునేది అరబ్బీ, అదీ వంటింటి అరబ్బీ:
తే, పో, కడుగు, అయిపోయింది.
అందులో సంతోషానికి మాట మాకెవరూ నేర్పలేదు.

అందుకే మూడు నెలల జీతం ఒక్కసారే చేతిలో పడ్డ రోజు
ఇస్త్రీ గదిలోంచి తన భాషలోనే అరిచింది:
"దురియన్ రున్‌తూ!"
ఏం కాలిందోనని పరిగెత్తాను, గరిటెతో సహా.

పిండి చల్లిన బండ మీద వేలితో గీసింది:
చెట్టు. ముళ్లకాయ. కింద నోరు తెరిచిన మనిషి.
పనసా అన్నాను. కాదంది.
పడితే తల పగలదా అన్నాను.
తల సంగతి ఎవడికి కావాలి, పండు సంగతి చూడమంది.
ఎక్కక్కర్లేదు, కొయ్యక్కర్లేదు,
దానంతటదే నీ ముందు రాలుతుంది.
వాళ్ల ఊళ్లో అదృష్టం అట్లా వస్తుందట,
వాసన ముందు, పండు వెనక.

నేనూ ఊరుకోలేదు. నక్కను గీశాను.
పొడుగు తోక, తోక మీద నా కాలు.
కరవదా అంది.
ఏమో, తొక్కినవాళ్లెవరూ ఆగి చూడలేదన్నాను.
నవ్వీ నవ్వీ సంబూసాల అంచులు విడిపోయి
నూనెలో కైమా తేలింది. మేడమ్ తిట్టింది.
తిడుతున్నంతసేపూ వార్తినీ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

అప్పట్నించి రోజుకొకటి.
చిగురు కావాలనుకుంటే ఆకుకూరే నడిచొచ్చిందట.
మేం తీగ అంటాం, కాలికి తగిలిందంటాం.
చందమామ ఒళ్లో పడ్డాడట.
మాకు రొట్టె విరిగి నేతిలో పడితే చాలు.
ఎక్కువగా వాళ్ల సంతోషం పైనించి పడుతుంది,
మాది కాళ్ల కింద దొరుకుతుంది.
వానలు కురిసే దేశం, కురవని సీమ,
అంతేనేమో.

ఒకటి మాత్రం ఒక్కసారే చెప్పింది,
రాత్రి మిద్దె మీద బట్టలు ఆరేస్తూ:
పరాయి నేల మీద బంగారు వాన,
సొంత నేల మీద రాళ్ల వాన...
ఆపి, క్లిప్పు పళ్ల మధ్య పెట్టుకుంది.
మిగతా సగం నేనూ అడగలేదు.
దుప్పట్ల నిండా ఇసుక గాలి.

మొన్న శుక్రవారం మేడమ్ వైఫై పాస్‌వర్డ్ ఇచ్చింది.
వెంటనే చెల్లెలికి ఫోన్ చేసి, నోరు జారి,
"నెత్తిన దురియన్ పడిందే!" అన్నాను.
"దెబ్బ తగిలిందా? రక్తం వచ్చిందా?"
వెనక నుంచి వార్తినీ, తనకొచ్చిన ఒక్క తెలుగు ముక్క,
"నక్కతోక! నక్కతోక!"
ఫోన్లో కాసేపు చప్పుడు లేదు.
"అక్కా,
ఆ ఇంట్లో నక్క కూడా ఉందా?"