ఏడో గడి

ఏడో ప్రశ్న:
రోజుకి ఎన్ని గంటలు నిద్రపోతారు?
ఆరు లోపు. ఆరు నుంచి ఎనిమిది. తొమ్మిది, ఆ పైన.
ఒక్క టిక్కు చాలు.

ఉప్పుటేరు వంతెన దిగాక రెండో సందులో
గుమ్మం ముందు కూర్చుని సువార్త
వేళ్ల సందుల్లో కొబ్బరినూనె రాసుకుంటోంది.
రొయ్య తలలు విరిచీ విరిచీ
ఐసు నీళ్లలో నాని పాలిపోయిన వేళ్లు.
రేషన్ మిషను ఆ బొటనవేలిని గుర్తుపట్టి మూడు నెలలైందట.

"ఏ వారం లెక్క చెప్పమంటారండీ?
నైట్ డ్యూటీ వారమా, పగలు వారమా?
కంపెనీ వ్యానులో కునికేది కూడా కలపాలా?
ఆకివీడు గేటు పడితే ఇంకో పావుగంట ఎక్కువొస్తది మరి."

కలం పట్టుకుని ఆగాను.

"ఏసోబునైతే అడగనే అడక్కండి.
తెల్లారుగట్ల మూడింటికి చెరువుకి ఊపిరాడదు.
ఏరియేటర్లు ఆగినాయంటే
రొయ్యంతా పైకి తేలిపోద్ది.
మనకి చప్పుడైతే మెలకువొస్తది,
ఆయనకి చప్పుడాగితే."

భీమవరం ట్రైనింగులో డాక్టరు బోర్డు మీద
ఒక గీత గీశాడు,
రెండు కొసలూ పైకి లేచిన నాటుపడవలా.
"తక్కువ నిద్ర ఈ కొస, ఎక్కువ నిద్ర ఆ కొస.
కేన్సరుతో చుట్టరికం ఉన్నట్టు కొన్ని లెక్కలు,
లేనట్టు కొన్ని.
నిద్రే కారణమని ఎవరితోనూ అనకండి.
ఎక్కువ పడుకునేవాళ్లలో కొందరికి
జబ్బు ముందే లోపలికొచ్చి ఉండొచ్చు,
నిద్ర దాని వెనకాల వచ్చి ఉండొచ్చు."

ఆ మాట సువార్తకి నేను చెప్పకుండా ఉండాల్సింది.

నూనె సీసా మూత పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టి
"మా తోడికోడలు కరుణమ్మ" అంది.
"అన్నం తిని పడుకుంటే దీపాలేళకి లేచేది.
మొద్దునిద్దర మొహమా అని
నీళ్లు కొట్టి లేపేదాన్ని.
ఆర్నెల్లు, అండి.
కడుపులో గడ్డని తెలిసేసరికి
డాక్టర్లు కూడా మెల్లిగా మాట్లాడతన్నారు."

తర్వాత ఎనిమిదో ప్రశ్న అడగాలి,
ఒంట్లో ఎక్కడైనా గడ్డగానీ, నొప్పిగానీ అని.
అడిగాను.
పైట సర్దుకుంది.
వ్యాను హారన్ కొట్టింది.
"ఆదివారం రండి, చెప్తాను" అని
చెప్పులు వేసుకుంటూనే పరిగెత్తింది.

రాత్రి రెండవుతోంది.
ట్యాబ్‌లో ఫారాలు ఎక్కిస్తున్నాను.
ఏడో గడి నింపందే
ఎనిమిదోది తెరుచుకోదు.
కాలవ అవతల చెరువుల మోత
వాన కురుస్తున్నట్టే ఉంది, ఒకటే జోరు.
ఎప్పుడు రెప్ప వాలిందో.

కరెంటు పోయింది. మోత ఆగింది.
దిగ్గున లేచి కూర్చున్నాను,
చీకట్లో, ఎవరో పిలిచినట్టు.
ఒకటి... రెండు... మూడు...
పదకొండు దగ్గర ఎక్కడో జనరేటర్ దగ్గి
అందుకుంది.
లేచాడు.