ముప్పై లెక్కపెట్టేలోగా

కుఓపియోలో జనవరి. తొమ్మిదైనా
కిటికీకి ఇంకా తెల్లవారలేదు.
కుర్చీలో తైస్తో పిర్హోనెన్, డెబ్బై ఒకటి.
దుంగల ఇళ్లు కట్టిన చేతులు
పని అయ్యాక పక్కన పడేసిన పనిముట్లలా ఒళ్లో.

నొప్పా?
లేదు.
రక్తం?
చూడను.
రై రొట్టె కొరుకుతున్నారా?
జవాబు లేదు.
పాలలో నానేసుకుంటున్నాడని
కూతురు నిన్ననే ఫోన్ చేసి చెప్పింది.

నోట్లో నువ్వుగింజ నానదంటారు.
ఈయన నోట్లో
నాలుగు శీతాకాలాలు నానిపోయాయి.

పంటికీ చిగురుకీ మధ్య సందులోకి
కాగితపు పుల్లను దించి
ముప్పై లెక్కపెట్టాను.
ఒక్క కన్నీటి బొట్టును వందమంది పంచుకుంటే
ఒకరి వాటాకి వచ్చేంత తడి.
ఇక అడగాల్సింది దాన్నే.

కాపలాకి పరిగెత్తుకొచ్చే తెల్లకణాల దగ్గర
కొడవళ్లుంటాయి.
సూక్ష్మజీవుల్ని తరిమే తొందరలో
పంటిని ఎముకకి కట్టిన
కొల్లాజెన్ తాళ్లనే కోసేస్తాయి.
కంచె చేను మేసిన ఆనవాలు
ఎంజైమై ఆ తడిలో తేలుతుంది.
కాగితాల్లో దాని పేరు ఎమ్మెంపీ ఎనిమిది.
రోగులకి మాత్రం కత్తెర అని చెప్తాను.

ఐదు నిమిషాలు ఆగాలి.
బయట మంచు తోసే బండి వచ్చింది, పోయింది,
మళ్లీ వచ్చింది.

మొదటి గీత. అది అందరికీ వస్తుంది.
రెండోది, పాలలో బ్లూబెర్రీ చిదిమినట్టు
మెల్లగా.
ఆయనే ముందు చూశాడు.

"మా సానా అడుగు దుంగ" అన్నాడు,
"పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది.
కత్తి మొన ఆనించానో లేదో
పిడిదాకా దిగింది.
దానికీ నొప్పి లేదు."

ఇన్నేళ్లలో నేను విన్న ఆయన ప్రసంగం అదే.
కాసేపాగి,
"ఎన్ని మార్చాలి?"

మార్చడానికి కొత్త దుంగలు లేవు తైస్తో.
ఉన్నవాటిని నిలబెట్టుకోవాలి.
వేళ్లదాకా గార గీకుతాను,
రాత్రిళ్లు ఈ సన్న బ్రష్షు సందుల్లో తిప్పండి,
ఏప్రిల్‌లో మంచు కరిగాక
మళ్లీ ఆ తడినే అడుగుదాం.
తల ఊపాడు. టోపీ చెవులమీదికి లాక్కుని
అరచేతిలో బ్రష్షుని
కొత్త ఉలిని చూసినట్టు తిప్పి చూసుకుంటూ వెళ్లాడు.

పెట్టెలో ఒక పుల్ల మిగిలింది.
గడువు మార్చి దాకా.
ఎవరూ పంపకుండానే నా నాలుక
ఎడమ దవడ చివరి పన్ను వెనక్కి వెళ్లి
అక్కడే ఆగింది.
వారం నుంచీ
పొద్దున సింకులో కొంచెం గులాబీ రంగు.

తర్వాతి పేరు పిలిచాను.