ఫైల్ ఫోటో

పగలు గంగరత్న మేడం థీసిస్ టైపు చేస్తా,
రాత్రి జిల్లా ఎడిషన్‌కు పేజీలు పెడతా.
మేడందేమో ఇంగ్లీషు చదువు.
నాలుగు వందల ఏండ్ల కిందట
లండన్ వీధుల్లో కానీకి అమ్మిన కాగితాలు,
వాటిలో సానులు.

ఆ కథలన్నీ ఒకే దోవన పోతాయి.
ఉన్ని అమ్ముకోను వచ్చిన పల్లెటూరాయన,
కిటికీలో ఒకతి,
తెల్లారేసరికి ఆయన సంచి ఖాళీ.
చివర్లో నీతి: అయ్యలారా, జాగ్రత్త.
ఏ సందులో జాగ్రత్తగా ఉండల్లనో
ఇంటి గుర్తుతో సహా రాసినారు.

అరవై రెండో పేజీలో బొమ్మ అతికించల్ల.
చెక్క మీద చెక్కి అచ్చొత్తిన ఆడమనిషి,
చేతిలో విసనకర్ర.
కింద మేడం రాసింది: ఇదే చెక్క
ఒక ఏడు పెండ్లికూతురు,
ఇంకో ఏడు మొగుణ్ణి చంపిన పెండ్లాం,
ఆ పైన సాని.
కొత్తది చెక్కిస్తే ఖర్చు గదా.
కొంగు మూల పురుగు కొట్టిన బొక్క,
మూడింట్లోనూ అదే చోట.

నవ్వొచ్చింది నాకు.
తర్వాత మా ఆఫీసు ఫోల్డర్ గుర్తొచ్చింది.

గుంతకల్లు, హిందూపురం, తాడిపత్రి,
ఏ లాడ్జి మీద పోలీసులు పడినా అదే ఫోటో:
గోడ పక్క నలుగురు, మొగాలకు చున్నీలు.
పదకొండేండ్లుగా నేనే పెడతాండా.
కింద సన్న అక్షరాల్లో ఫైల్ ఫోటో అని.
అది గూడా ఒక్కోసారి మర్చిపోతా.
విటులకు ఫోటో ఉండదు, అంకె ఉంటాది.

టవర్ క్లాక్ కాడ ఓబుళమ్మ ఉగ్గాని బండి.
పాత పేపర్లు మా దగ్గరే కిలోల లెక్కన కొంటాది.
ఒకనాడు బజ్జీలు చుట్టబోయి ఆగింది.
నూనె తాగిన కాగితం లైటుకు ఎత్తి పట్టి
"పచ్చ చున్నీ నాదే సామీ" అనింది.
"మొగం కప్పుకుంటి గానీ
కాళ్ళు కప్పుకోలేకపోతి.
కుడికాలికి మెట్టె లేదు చూడు,
ఆ తోపులాటలో యాడనో పడిపాయ."
బజ్జీలు వేరే కాగితంలో చుట్టిచ్చింది.
చిల్లర సరిగ్గా ఎంచిచ్చింది.

మేడం ఇంకో మాట గూడా రాసింది:
ఆ కానీ కాగితాలు చదివినాక
రొట్టెలు కాల్చేవాళ్ళకు పోయేవంట,
రొట్టెల అడుగున పరిచేకి.

రాత్రి పదకొండుకు కదిరి నుంచి ఫోను.
"ముగ్గురు ఆడోళ్ళు, ఐదుగురు విటులు.
ఫోటో లేదన్నా, పాతది ఏసెయ్."
ఫోల్డర్ తెరిచి జూమ్ చేసినా.
కుడికాలు. వేలు.
దుమ్ము పట్టిన పాదం మీద
మెట్టె ఉండాల్సిన చోట తెల్లటి గీత.
అదే చూస్తా కూచున్నా
ప్రెస్సు వాళ్ళు రెండోసారి ఫోను చేసేదాకా.

ఆ ఖాళీలో బోరు మోటార్ల ప్రకటన ఏసినా,
పైసా రాని ప్రకటన.
ఫోటో చెరిపేసినా.
హైదరాబాదు సర్వర్లో ఉంటాదని తెలుసు.

పొద్దున బండి కాడ చెప్పినా,
కొంచెం గొప్పగానే చెప్పినా.
శనగపిండి కలుపుతా తలెత్తలేదు ఆమె.
"పాతవి ఇంకా ఎన్ని కిలోలుండాయి సామీ
మీ గోడౌన్లో?"