ముడి

నరిన్‌లో ఏప్రిల్ వచ్చినా కిటికీకి మంచు వదల్లేదు.
తెరమీద పొట్టేలు కొమ్ము గీశాను,
ఉన్ని తివాచీల మీద ఉండే పాత కొమ్మే,
సంఘానికి గుర్తుగా కావాలన్నారు.

అంచుని మూడు మిల్లీమీటర్లు లోపలికి జరిపి
ముక్కలు చేశాను: ఆరు కుట్టు, నాలుగు ఖాళీ.
కొసలు గుండ్రం. కింద సన్నటి నీడ.
నూలే అనుకుని ముట్టుకోబోయాను కూడా.

ఒక్కచోటే పాడు.
గీత చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చి
సగం కుట్టు మీద ఇంకో సగం ఎక్కి కూర్చుంది.
ఐదు పాయింట్ ఎనిమిది. ఐదు పాయింట్ తొమ్మిది.
ఇక్కడ సర్దితే కొమ్ము మలుపులో ఇంకోటి చెడింది.
టీ చల్లారిపోయింది.

బూట్ల మంచు దులుపుకుంటూ సైరాకుల్ వచ్చింది,
బొటనవేలి మీద నలభై ఏళ్ళ సూది కాయ.
కళ్ళజోడు నెత్తిమీంచి దించి
తెరకి ముక్కు ఆనించి చూసింది.
"అన్నీ ఒక్క పొడుగే! ఎవరు కుట్టారే, దయ్యమా?"
నవ్వుతూనే ఆ పాడుచోట గోరు పెట్టింది.
"ఇదిగో, ఇక్కడుంది మనిషి.
ముడి ఇక్కడేగా వేస్తాం."

రాత్రి సంఘం నుంచి బెక్‌బొలొత్ ఫోను:
ఒక కుట్టు మీద కుట్టు పడింది, చూశావా?

చూశాను, అన్నాను.