జూన్ ముప్పై ఒకటి

విస్కాన్సిన్‌లో ఈ కొండకి ఒకప్పుడు పేరుండేది,
ఇప్పుడు నంబరుంది.
కోసి, కడిగి, ఎండబెట్టి, జల్లించి
లారీలకెత్తి రైలు దాకా పంపుతాం,
ఎక్కడో టెక్సాస్‌లో నేల పగుళ్ళలో కూరడానికి.
ఇసుకను పిండితే నూనె రాదన్నవాడు
మా కాటా గది కిటికీలోంచి చూసి ఉండడు.

నా పేరు మార్లిస్. తూకం రాస్తాను.
లారీ ఖాళీగా వచ్చినప్పుడొకసారి,
నిండుగా వెళ్ళేటప్పుడొకసారి.
తేడా ఇసుక.
పదకొండేళ్ళుగా తేడాలే రాస్తున్నాను.
పొద్దున్నే భద్రత చీటీలో టిక్కులు పెట్టడం కూడా నా పనే.

ఆ రోజు మూడో హాపర్‌లో ఇసుక గడ్డకట్టింది.
వాన తర్వాత మామూలే:
పైన పెంకు, కింద బోలు.
చల్లారిన పాల మీద మీగడలా ఉంటుంది,
కాలు పెడితే ఆనుతుందనిపిస్తుంది.
"రెండు నిమిషాల పని," అన్నాడు ఫోర్‌మన్ డ్వేన్,
"బెల్టు ఆపితే మళ్ళీ దారిలో పడ్డానికి నలభై."
ఎలెయుతేరియో గడ్డపలుగు పట్టుకుని దిగాడు.
నడుముకి కట్టాల్సిన పట్టీ స్టోర్‌లో ఉంది
ప్లాస్టిక్ సంచి విప్పకుండా,
ధర చీటీ వేలాడుతూ.

ఇసుక చప్పుడు చెయ్యదు.
టౌ గెర్ చూశాడు కాబట్టి తెలిసింది.
బెల్టు ఆపే తాడు పట్టి లాగాడు.
గాలికి ఊరికే ఆగిపోతోందని
ఎవరో దాన్ని తీగతో స్తంభానికి బిగించి కట్టారు,
ఎప్పుడో చలికాలంలో.
మెయిన్ స్విచ్ దాకా పరుగెత్తాడు.
అప్పటికి కంఠం కింది ఎముక దాకా వచ్చింది.
ఊపిరి వదిలిన ప్రతిసారీ
ఖాళీ అయిన ఆ కాస్త చోట్లోకి
ఇసుక వచ్చి కూర్చునేది.
పీల్చుకుందామంటే జరిగేది కాదు.

ఫైరింజన్ మీద వచ్చినవాళ్ళు మా ఊరి పాలరైతులు,
స్కూలు బస్సు నడిపే లవోన్.
మొక్కజొన్న గాదెల్లోంచి మనుషుల్ని తీసిన చేతులు.
చుట్టూ చెక్కలు దిగేసి
బకెట్లతో, గిన్నెలతో తోడారు నాలుగు గంటలు.
బతికాడు.
మూడు పక్కటెముకలు, ఒక మోకాలు.

తర్వాతి వారం ఇన్‌స్పెక్టర్ ప్రిబిల్స్కీ వచ్చింది.
పొట్టి మనిషి, ఎక్కువ మాట్లాడదు.
నా కిటికీ గట్టు మీద వేలు రాసి
ఎండకి పట్టి చూసింది.
"కనబడేది పర్లేదు," అంది.
నాకు ఆర్విడ్ గుర్తొచ్చాడు,
ముక్కు కింద గొట్టంతో, సిలిండర్ చక్రాలీడ్చుకుంటూ
శుక్రవారం చేపల విందుకొచ్చే ఆర్విడ్.
ఆ తర్వాత ఫైలు అడిగింది.
జూన్ కాగితం దగ్గర ఆగి, తల ఎత్తకుండా,
"మీ ఊళ్ళో జూన్‌కి ముప్పై ఒకటో తేదీ ఉందా?"

ఉంది. నా చేతిరాతలో ఉంది.
ఒకటో తారీఖున, కాఫీ చల్లారేలోపు
నెలంతా ఒక్క ఊపులో కొట్టేసిన టిక్కులు,
అదే సిరా, నాగటి చాలంత తిన్నగా.
ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు.
వద్దని కూడా ఎవరూ అనలేదు.
లేని ఆ రోజున మా దగ్గర
తాడు లాగితే బెల్టు ఆగింది,
పట్టీలు మనుషుల నడుములకే ఉన్నాయి,
దుమ్ము లేదు.

విచారణకి ఇసుక వేస్తే రాలనంత జనం వస్తారనుకున్నాను.
ఆరుగురం.
జరిమానా ఎంతో విని, అలవాటు పోక, లెక్కేశాను:
పదిహేడు లారీలు.
మధ్యాహ్నం అన్నానికి ముందే పంపేస్తాం.

ఇప్పుడు పొద్దున ఆరింటికి వెళ్ళి
తాడు నేనే లాగుతున్నాను. బెల్టు ఆగుతుంది.
డ్వేన్ తిడతాడు. చీటీలో ఒక్క గడి నింపుతాను.
దానికి పెద్ద అర్థమేమీ లేదు.

ఎలెయుతేరియో ఎడమ బూటు దొరకలేదు.
బెల్టు ఆగేలోపే కింది ద్వారంలోంచి జారి ఉంటుందన్నారు.
ఆ పొద్దుటి చీటీలు మళ్ళీ తీసి చూశాను,
ఎనిమిది లారీలు, అన్నీ నా సంతకాలే.
వాటిలో ఏదో ఒక దాంట్లో
ఓ కిలో బరువు
ఇసుక కాదు.